బండి మీది బరువు, ఇంజన్‌లోని నిప్పు, గృహస్థుడి అహింస

జైన గృహస్థుడు స్వీకరించే అహింసాణువ్రతానికి అయిదు అతిచారాలు చెప్పారు. వ్రతాన్ని పూర్తిగా భంగపరచకపోయినా దానికి మచ్చ తెచ్చే తప్పులివి. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏడో అధ్యాయంలో వీటిని వరసగా పేర్కొన్నాడు: ప్రాణిని బంధించడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేనంత బరువు ఎత్తడం, తిండీ నీళ్లూ అందకుండా చేయడం. నాలుగోదానికి అతిభారారోపణమని పేరు. ఎద్దు చెవి కోయడమూ, దాని వీపు మీద శక్తికి మించి మరో బస్తా వేయడమూ ఒకే వరసలో ఉండటం గమనించదగ్గది. శ్రావకుల్లో, అంటే జైన గృహస్థుల్లో, ఎక్కువమంది వర్తకులు. వాళ్ల సరుకు బళ్ల మీదా, పెరికె ఎడ్ల మీదా ఊళ్లు దాటేది. కత్తి పట్టి ప్రాణం తీసే అవసరం వర్తకుడికి సాధారణంగా రాదు. ఇంకో బస్తా వేస్తే ఇంకో నాలుగు రూకలు మిగులుతాయన్న ఆశ మాత్రం ప్రతి ప్రయాణంలోనూ వస్తుంది. అతని చేతుల మీదుగా హింస ఎక్కడ జరుగుతుందో శాస్త్రకారుడు సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు.

ఈ ఆలోచన జైనులొక్కరిదే కాదు. నాగలికి ఎనిమిది ఎడ్లు కట్టడం ధర్మమనీ, రెండే కట్టి దున్నించేవాడు గోహంతకుడితో సమానమనీ పరాశర స్మృతి అంటుంది. ఆకలితో, దాహంతో, అలసటతో ఉన్న ఎద్దును కాడికి కట్టవద్దంటుంది. విజయనగర కాలంలో, 14వ శతాబ్దిలో, మాధవాచార్యుడు ఈ స్మృతికే పెద్ద వ్యాఖ్య రాశాడు. శత్రువు గాడిద బరువు కింద కూలబడి ఉన్నా దాటిపోవద్దని యూదుల ధర్మశాస్త్రం ఆజ్ఞాపిస్తుంది. ఒంటెను పస్తులుంచి అతిగా చాకిరీ చేయించిన యజమానిని ప్రవక్త మహమ్మద్ మందలించిన ఉదంతం హదీసుల్లో ఉంది. భారత ప్రభుత్వం 1965లో చేసిన నియమాలు ఇదే మాటను కిలోల్లోకి దించాయి. గాడిద మీద 50, తట్టుగుర్రం మీద 70, కంచరగాడిద మీద 200, ఒంటె మీద 250 కిలోలకు మించి ఎత్తకూడదు. రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదు.

ఎద్దు పోయి ఇంజన్ వచ్చాక ఈ నియమానికి ఏ గతి పట్టాలి? ఎద్దుకు నొప్పి ఉంది, కారుకు లేదు. బరువెక్కువైతే ఎద్దు మోకాళ్ల మీద పడుతుంది, నురగ కక్కుతుంది, అది చూసి ఎవరో ఒకరు అడ్డుపడతారు. కారు వెనక స్ప్రింగులు రెండంగుళాలు కిందికి దిగుతాయి, అంతే. ప్రాణం లేని దానికి హింస లేదు కనుక అతిభారారోపణం యంత్రానికి వర్తించదని వాదించవచ్చు. పెట్రోలు విషయంలోనూ ఇలాంటి వాదనే ఉంది: అది డబ్బు పెట్టి కొన్న సరుకు, ఎంత కాల్చుకుంటే ఏమిటని. ఈ రెండు వాదాలకూ జైన ధర్మశాస్త్రం దగ్గర ఒకే జవాబు ఉంది. అది హింసను ఆ శాస్త్రం నిర్వచించిన తీరులో దొరుకుతుంది.

తత్త్వార్థసూత్రం ప్రకారం ప్రమాదంతో కూడిన చేష్ట వల్ల ప్రాణానికి కలిగే హాని హింస. ఇక్కడ ప్రమాదమంటే నేటి పత్రికల్లో కనిపించే యాక్సిడెంట్ కాదు. మనసు పెట్టకపోవడం, ఏమరుపాటు, పట్టనితనం. కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో దీన్ని ఇంకా బిగించాడు. అజాగ్రత్తగా మెలిగేవాడి చేతిలో ప్రాణి చనిపోయినా, తప్పించుకుని బతికినా, అతనికి హింసాదోషం తప్పదన్నాడు. జాగ్రత్తగా మెలిగేవాడి వల్ల పొరపాటున ప్రాణి పోతే అంతమాత్రాన బంధం అంటదన్నాడు. అనంతపురం జిల్లాలో గుంతకల్లుకు దగ్గరున్న కొనకొండ్ల ఈ ఆచార్యుడి స్వస్థలమని పలువురు పండితుల అభిప్రాయం. అలా చూస్తే అహింసా చింతనలో అత్యంత కఠినమైన ఈ మాట తెలుగు నేలకు దగ్గరిది. దోషాన్ని ఫలితం నుంచి విడదీసి జాగ్రత్తకు ముడివేయడం ఇందులోని విశేషం.

బండి నడిపేవారి విషయంలో ఇది ఎంత అవసరమో ఆలోచిస్తే తెలుస్తుంది. అధిక బరువుతో బయలుదేరిన నూరు కార్లలో దాదాపు అన్నీ క్షేమంగానే ఇల్లు చేరతాయి. ఇంజన్ ఆపకుండా పావుగంట నిలబెట్టిన కారు వల్ల ఫలానా మనిషికి ఫలానా హాని జరిగిందని ఎవరూ చూపించలేరు. హాని అరుదుగానో, కంటికి కనపడనంత పలచగానో జరిగే చోట ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పే నీతి చేతులెత్తేస్తుంది. “ఏమీ కాలేదుగా” అన్న సమాధానంతో అది తృప్తిపడాలి. కుందకుందుడి సూత్రం ముందు ఆ సమాధానం చెల్లదు. సరిగా కట్టని పెట్టె జారకుండా ఊరు చేరినా, దాన్ని అలా కట్టినవాడి తప్పు బయలుదేరినప్పుడే పూర్తయింది. యంత్రానికి నొప్పి లేదన్న వాదం కూడా ఇక్కడే తేలిపోతుంది. ప్రమాదం మనిషి మనసులో ఉండే గుణం. కింద ఉన్నది ఎద్దా, ఇనుమా అన్నదాంతో దానికి నిమిత్తం లేదు. కాకపోతే ఎద్దు బండి విషయంలో బరువు మోసే ప్రాణికి కలిగే హాని, కారు విషయంలో లోపల కూర్చున్నవారికీ, రోడ్డు మీద ఎదురయ్యేవారికీ మారింది.

ఈ జాగ్రత్తనే మునులకు అయిదు సమితులుగా చెప్పారు. వాటిలో ఒకటి ఆదాన నిక్షేపణ సమితి: వస్తువును తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ చూసి, తుడిచి, నెమ్మదిగా పెట్టడం. కింద చీమ ఉందేమో చూసి కమండలం దించడం దీని మొదటి అర్థం. గృహస్థుడికి ఇది వ్రతంగా విధించకపోయినా అలవాటుగా ఆచరించమన్నారు. డిక్కీలో సామాను సర్దడానికి ఇంతకంటే తగిన నియమం దొరకదు.

సర్దడం లెక్కతో మొదలవుతుంది. ప్రతి కారుకూ ఖాళీ బరువు ఒకటి, గరిష్ఠంగా అనుమతించిన మొత్తం బరువు ఒకటి ఉంటాయి. రెండింటి తేడాయే మనుషులూ సామానూ కలిసి ఎక్కగల బరువు. చిన్న హ్యాచ్‌బ్యాక్ కారుకు ఇది సుమారు 400 నుంచి 450 కిలోలు. 70 కిలోల మనుషులు అయిదుగురు ఎక్కితే అక్కడికే 350 అయిపోయాయి. మిగిలింది యాభయ్యో, నూరో. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటే దాని బరువూ లెక్కలోకే వస్తుంది. పెళ్లికి వెళ్లే కుటుంబం నాలుగు సూట్‌కేసులూ, రెండు స్వీటు డబ్బాల పెట్టెలూ, ఒక బియ్యం బస్తా ఎక్కించే సమయానికి డిక్కీలో ఇంకా చోటు కనిపిస్తుంది. కానీ బండి మోయగలిగిన బరువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. చోటు ఉందన్నదాన్ని మోయగలదన్నదానికి సాక్ష్యంగా తీసుకోవడం సామాను సర్దడంలో అన్నిటికంటే మామూలుగా జరిగే ఏమరుపాటు.

బరువు ఎంతన్నది ఒక సంగతి, ఎక్కడన్నది మరొకటి. బరువైనవి డిక్కీ అడుగున, వెనక సీటుకు ఆనించి పెట్టాలి. తేలికైనవి పైన ఉండాలి. అందరూ ఈ మాట విన్నవారే, కారణం మాత్రం కొద్దిమందే ఆలోచిస్తారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో గుద్దుకుని అర మీటరులో ఆగిందనుకుంటే, లోపలి వస్తువుల మీద పడే బలం వాటి బరువుకు దాదాపు 20 రెట్లు. కట్టకుండా వదిలిన 10 కిలోల పెట్టె ఆ క్షణంలో 200 కిలోల బలంతో ముందు కూర్చున్నవారి మెడ మీదికి వస్తుంది. వెనక అద్దం దగ్గరి పలక మీద పెట్టిన స్టీలు నీళ్ల సీసా, ఇత్తడి దేవుడి బొమ్మ, గొడుగు, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వెనక సీటులో ఎవరూ లేకపోయినా సీటుబెల్టులు బిగించి ఉంచితే డిక్కీలోని బరువుకు సీటు కొంత గట్టిగా అడ్డు నిలుస్తుంది.

పైకప్పు మీది క్యారియర్ సంగతి వేరు. చాలా కార్ల పైకప్పు, బండి నడుస్తున్నప్పుడు, క్యారియర్ బరువుతో కలిపి 50 నుంచి 75 కిలోలకు మించి మోయడానికి తయారైంది కాదు. కచ్చితమైన అంకె కారుతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. పైన బరువు పెరిగితే బండి గురుత్వ కేంద్రం పైకి పోతుంది, మలుపులో ఒరుగుతుంది, పక్కగాలికి ఊగుతుంది. ఇక కట్టే తీరు. తెల్లవారుజామున ఇంటి ముందు ప్లాస్టిక్ తాడుతో అడ్డంగా మూడు చుట్లు చుట్టి ముడి వేస్తారు. లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది. నలభై, యాభై కిలోమీటర్లు పోయేసరికి కుదుపులకు పెట్టెలు ఒకదాన్నొకటి ఒత్తుకుని సర్దుకుంటాయి, తాడు సాగుతుంది, పట్టా అంచు గాలికి టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ చప్పుడు వినగానే పక్కకు ఆపి మళ్లీ బిగించాలి. చప్పుడు రాకపోయినా ఒకసారి ఆగి చూడాలి. అడ్డంగా ఎన్ని చుట్లు వేసినా, బ్రేకు వేసినప్పుడు సామాను పోయేది ముందుకే. అందుకే ముందు నుంచీ వెనక నుంచీ కూడా కట్టు పడాలి. ముందుకు జారకుండా బరువులో 80 శాతానికీ, పక్కలకూ వెనక్కూ 50 శాతానికీ సమానమైన బలాన్ని కట్లు తట్టుకోవాలని ఐరోపా ప్రమాణం చెబుతుంది. ముడి మీద ఆధారపడే తాడు కంటే బిగించే పిడి ఉన్న పట్టీ మేలు.

నిండుగా ఎక్కించిన బండికి టైర్లలో గాలి ఎక్కువ కావాలి. డ్రైవరు తలుపు చట్రం మీద అతికించిన చీటీలో మామూలు బరువుకు ఒక అంకె, పూర్తి బరువుకు మరో అంకె ఉంటాయి. టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించుకోవాలి. ముప్పై కిలోమీటర్లు నడిపాక పంక్చర్ షాపు దగ్గర ఆగితే వేడికి గేజీ ఎక్కువ చూపిస్తుంది. గాలి తగ్గిన టైరు పక్కలు వంగుతూ వేడెక్కుతాయి, వేసవిలో బరువు మీద పగిలిపోతాయి. బ్రేకు కూడా ముందే వేయాలి. శ్రీశైలం, తిరుమల ఘాట్ రోడ్లు దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజన్‌తోనే వేగం ఆపాలి. చట్టం విషయానికొస్తే, మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 విధించింది. సామాను బయటికి పొడుచుకువస్తే కూడా 20,000. జరిమానా భయంతో పాటించినా రోడ్డు మీదివారికి మేలే. అయితే చెక్‌పోస్టు లేని దారిలో ఆ భయం పనిచేయదు. అక్కడ పనిచేసేది సమితి ఒక్కటే.

ఇక నిప్పు. ఆచారాంగ సూత్రం మొదటి అధ్యాయమే మట్టికీ, నీటికీ, నిప్పుకూ, గాలికీ ప్రాణం ఉందంటుంది. నిప్పునే దేహంగా గల జీవులను తేజస్కాయికాలంటారు. ఈ నమ్మకాన్ని అక్షరాలా ఒప్పుకోనివారికి కూడా భగవతీ సూత్రంలోని ఒక సంవాదం ఆలోచన పుట్టిస్తుంది. ఒకడు నిప్పు వెలిగించాడు, మరొకడు ఆర్పాడు. ఇద్దరిలో ఎవరి కర్మ బరువని కాలోదాయి అనే ఆయన మహావీరుణ్ణి అడుగుతాడు. ఆర్పినవాడు నిప్పు జీవులను చంపాడు కదా అన్నది ప్రశ్నలోని మెలిక. వెలిగించినవాడిదే ఎక్కువని జవాబు. వెలిగిన నిప్పు మట్టినీ, నీటినీ, గాలినీ, చెట్టునూ, కదిలే ప్రాణులనూ చుట్టుకుని హింసిస్తుంది. ఆర్పడం వల్ల కలిగే హాని దానితో పోలిస్తే చిన్నది. నిప్పు ఎక్కడ మండుతోందో అక్కడితో ఆగదన్న ఈ గ్రహింపు, పొగగొట్టం నుంచి వచ్చే వాయువు గురించి నేడు తెలిసినదానికి చాలా దగ్గరగా ఉంది. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అది ఏ ఊరి సరిహద్దు దగ్గరా ఆగదు.

అయినా గృహస్థుణ్ణి నిప్పు ముట్టవద్దని ఎవరూ అనలేదు. వంట చేయాలి, వృత్తి సాగాలి. అతనికి చెప్పింది అనర్థదండ విరమణ వ్రతం: ప్రయోజనం లేని హింసను మానడం. సమంతభద్రుడు రత్నకరండక శ్రావకాచారంలో దీని కింద నిష్ఫలంగా నేల తవ్వడం, నీళ్లు పారబోయడం, నిప్పు రాజేయడం, గాలి విసరడం, మొక్కలు తుంచడం చేర్చాడు. ఇంధనం పొదుపు గురించి ఇంత కచ్చితమైన కొలమానం ఇంకెక్కడా లేదనిపిస్తుంది. ఎంత కాల్చావన్నది దాని ప్రశ్న కాదు. కాల్చినదానిలో దేనికీ పనికిరాకుండా పోయింది ఎంతన్నదే ప్రశ్న.

ఈ కళ్లతో కారును చూస్తే నిష్ఫలమైనది చాలా కనిపిస్తుంది. పెట్రోలులోని శక్తిలో చక్రాల దాకా చేరేది దాదాపు నాలుగో వంతు. మిగతాది ఎక్కువగా వేడి రూపంలో పోతుంది. అది యంత్రం పరిమితి, నడిపేవాడి తప్పు కాదు. కానీ చేరిన ఆ నాలుగో వంతు ఏమవుతుందన్నది అతని కాలి కింద ఉంది. ఎర్రదీపం దూరాన కనిపిస్తున్నా యాక్సిలరేటర్ తొక్కి, దగ్గరికొచ్చాక బ్రేకు తొక్కితే, ఆ శక్తంతా బ్రేకు పలకల దగ్గర వేడిగా మారి పోయింది. ఆ నిప్పు ఎవరినీ ఎక్కడికీ చేర్చలేదు. మునులకు చెప్పిన ఈర్యా సమితి నడిచేటప్పుడు కాడి పొడవంత, అంటే నాలుగు మూరల మేర ముందు నేల చూస్తూ నడవమంటుంది. కారు వేగానికి ఆ నాలుగు మూరలు నూరు, రెండువందల మీటర్లవుతాయి. ముందున్న బస్సు ఆగబోతోందనీ, దారిలో గేదెలు అడ్డం వస్తున్నాయనీ అంత దూరం నుంచే చూసి కాలు తీసేసేవాడికి బ్రేకుతో పని తక్కువ, పెట్రోలు ఖర్చూ తక్కువే. జోరుగా నడిపే అలవాటు ఊళ్లోని ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో మైలేజీని 10 నుంచి 40 శాతం దాకా తగ్గిస్తుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. ఒకే చూపు ప్రాణినీ కాపాడుతుంది, ఇంధనాన్నీ కాపాడుతుంది.

వేగానికి కూడా ఇదే కొలత. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది: 80 నుంచి 100కు పోతే వేగం నాలుగో వంతు పెరిగింది, గాలి అడ్డు మాత్రం 56 శాతం పెరిగింది. పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఏళ్లుగా గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగాన్ని సిఫారసు చేస్తోంది. నిలబడి ఉన్న చిన్న కారు ఇంజన్ ఊరికే తిరుగుతూ గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. పది సెకన్లకు మించి ఆగాల్సి వస్తే ఆపేయడమే లాభం. అనర్థదండ వ్రతానికి చెప్పిన అతిచారాల్లో ఒకటి, హింసకు సాధనమయ్యే పనిముట్లను జోడించి సిద్ధంగా ఉంచడం. బండికి కాడి తగిలించి ఉంచడం, రోలులో రోకలి పెట్టి ఉంచడం వ్యాఖ్యాతలిచ్చిన ఉదాహరణలు. ఎవరో మెట్లు దిగి వస్తారని ఏసీ వేసి, ఇంజన్ తిప్పుతూ ఉంచిన కారు అచ్చంగా కాడి తగిలించి ఉంచిన బండే. చివరి అతిచారం, అవసరానికి మించి భోగవస్తువులు పోగేయడం. నెలల తరబడి డిక్కీలో తిరిగే పాత పెట్టెలూ, వాడని ఖాళీ క్యారియర్ దీని కిందికి వస్తాయి. 45 కిలోల అదనపు బరువు మైలేజీని సుమారు ఒక శాతం తగ్గిస్తుందనీ, పైకప్పు మీది పెద్ద పెట్టె హైవే వేగంలో 10 నుంచి 25 శాతం దాకా తినేస్తుందనీ అదే ఇంధన శాఖ లెక్క. అదే సామాను బండి వెనక అమర్చితే నష్టం దీనితో పోలిస్తే చాలా తక్కువ.

ఇక్కడ అసలు చిక్కు వస్తుంది. ఇంధనం పొదుపూ, బరువు విషయంలో జాగ్రత్తా ఎప్పుడూ ఒకే దారిన పోవు. ఆరుగురు మనుషులూ వారి సామానూ ఒకే కారులో ఇరుక్కుని పోతే ఇంధనం సగం మిగులుతుంది. రెండు కార్లు తీస్తే రెట్టింపు కాలుతుంది. అహింసకు ఏది దగ్గర? జైన శాస్త్రం జీవులను ఇంద్రియాల సంఖ్యను బట్టి వర్గీకరిస్తుంది. నిప్పు జీవికి స్పర్శ ఒక్కటే; మనిషికీ, పశువుకూ అయిదు. అయిదింద్రియాల ప్రాణికి కలిగే హాని బరువైనది. కాబట్టి పెట్రోలు మిగల్చడానికి మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టకూడదన్నది ఈ శాస్త్రం నుంచి నేరుగా వచ్చే తీర్పు. ఈ తీర్పును అతిక్రమించే పొదుపు పద్ధతులు వాడుకలో కొన్ని ఉన్నాయి. ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని గేరు తీసి న్యూట్రల్‌లో వదలడం వాటిలో మొదటిది, అన్నిటికంటే చెడ్డది. ఇంజన్ పట్టు పోతుంది, భారమంతా బ్రేకుల మీద పడి అవి కాలి పట్టు తప్పుతాయి. పైగా మిగిలేదేమీ లేదు. ఈనాటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లో మాత్రం ఆగిపోకుండా తిరగడానికి కొంత తాగుతూనే ఉంటాయి. గాలి అడ్డు తప్పుతుందని లారీ వెనక అంటుకుని పోవడం, తేలిగ్గా దొర్లుతుందని టైర్లలో చెప్పినదానికంటే ఎక్కువ గాలి కొట్టించి పట్టు పోగొట్టుకోవడం, ఇవీ ఆ కోవలోవే. పొదుపు పేరుతో చేసిన ప్రమాదం ప్రమాదమే.

అయితే రెండు కార్లు తీయడమూ తేలిగ్గా ఒప్పుకోదగ్గ జవాబు కాదు. ఆ ప్రయాణమూ, ఆ సామానూ అంతా అవసరమా అన్న మూడో ప్రశ్న మిగిలే ఉంది. ఇక్కడికి అహింసావ్రతం ఒక్కటే చాలదు. ఎంతవరకని హద్దు పెట్టే పరిమాణ వ్రతాలు కావాలి. ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లో బొగ్గు గురించి రాసిన పుస్తకంలో ఒక విషయం గమనించాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం నేర్చుకున్నకొద్దీ దేశంలో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. చౌకైనది ఎక్కువ వాడకంలోకి వస్తుంది. కారు విషయంలోనూ ఇది కొంత మేర నిజమే: మైలేజీ ఎక్కువిచ్చే బండి కొన్నాక కిలోమీటరుకు ఖర్చు తగ్గింది కదా అని మరిన్ని కిలోమీటర్లు తిరుగుతారు. అప్పుడు జాగ్రత్తగా నడిపి మిగిల్చినది కొత్త ప్రయాణాల్లో కాలిపోతుంది.

జైన గృహస్థుడి దిగ్వ్రతం ఈ చిక్కును చాలా ముందే ఊహించినట్టుంది. తూర్పున ఇంత దూరం, దక్షిణాన ఇంత దూరం, అంతకు మించి వెళ్లనని హద్దు పెట్టుకోవడం ఈ వ్రతం. దీని అతిచారాల్లో ఒకటి క్షేత్రవృద్ధి: ఒక దిక్కున హద్దు తగ్గించుకుని, ఆ మిగిలిన దూరాన్ని మరో దిక్కుకు కలుపుకోవడం. మొత్తం మీద దూరం పెరగలేదు కదా అన్న సర్దుబాటును శాస్త్రం దోషంగానే లెక్కించింది. ఒకచోట మిగిల్చినదాన్ని ఇంకోచోట ఖర్చు పెట్టుకునే హక్కుగా చూడటం వ్రతాన్ని లోపల నుంచి తినేస్తుందని గుర్తించినవారే ఈ నియమం పెట్టగలరు. హద్దును మరచిపోవడం మరో అతిచారం. ఈ నెల ఎన్ని కిలోమీటర్లు తిరిగామో ఓడోమీటర్ చూసి రాసుకునే అలవాటు లేని ఇంటికి ఇది నేరుగా వర్తిస్తుంది.

ఉపాసకదశా సూత్రంలో ఆనందుడనే సంపన్న గృహస్థుడి కథ ఉంది. మహావీరుడి ఎదుట వ్రతాలు తీసుకుంటూ అతను దూరప్రయాణాలకు 500 బళ్లు, స్థానికంగా సరుకు మోయడానికి 500 బళ్లు, వాటితో పాటు పడవలకూ ఒక సంఖ్య పెట్టుకున్నాడు. వెయ్యి బళ్లున్నవాడి వ్రతం ఏం వ్రతమని అనిపించడం సహజం. కానీ అతను ఒప్పుకున్నది దారిద్ర్యం కాదు, పెరుగుదలకు ఒక కట్ట. ఆ రోజు నుంచి వెయ్యిన్నొకటో బండి అతని ఇంటికి రాదు. అదే గ్రంథం గృహస్థుడు మానదగిన పదిహేను వృత్తులను చెబుతూ బొగ్గులు కాల్చడం, బళ్లు తయారుచేయడం, బళ్లను కిరాయికి తిప్పడం కూడా చేర్చింది. ఇంధనమూ, రవాణా ఎంత హింసతో ముడిపడ్డాయో వారికి బాగా తెలుసు. నేడు ఈ వృత్తులను అందరూ మానాలనడం అర్థం లేని మాట. రవాణా ఆగితే బియ్యమూ మందులూ ఆగుతాయి. ఆ పట్టికను నిషేధంగా కాక హెచ్చరికగా చదవడం సబబు.

మునులు మాత్రం ఈ విషయంలో రాజీ పడలేదు. కాలినడకనే విహరిస్తారు. కొలనుపాక క్షేత్రానికి భక్తులు బస్సుల్లో, కార్లలో వచ్చినా సాధువులు అదే హైవే పక్కన నడిచి వస్తారు. తెల్లబట్టలతో రోడ్డంచున నడిచే వారి పక్క నుంచి పోయే కారు వేగం తగ్గించడం గృహస్థుడు పాటించగల మొదటి అహింస. అయితే నేటి కాలంలో ఈ నియమం మీద సంప్రదాయంలోనే చర్చ సాగింది. సుశీల్ కుమార్ ముని 1975లో అమెరికా వెళ్లినప్పుడు విమానం ఎక్కడంపై తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి. తేరాపంథ్ ఆచార్య తులసి 1980లో సమణ శ్రేణిని ఏర్పాటు చేసి, పూర్తి దీక్షకూ గృహస్థ జీవితానికీ నడుమ ఉండే ఆ సాధకులకు వాహనం ఎక్కే వెసులుబాటు ఇచ్చాడు. ధర్మప్రచారమనే ప్రయోజనం ఆ నిప్పును సార్థకం చేస్తుందా అన్నది అక్కడి ప్రశ్న. అనర్థదండ వ్రతం గృహస్థుణ్ణి రోజూ అడిగే ప్రశ్నా ఇదే.

ప్రయాణం చేసి వచ్చాక చేసే ఒక చిన్న క్రియ కూడా ఈ ధర్మంలో ఉంది. దాన్ని ఈర్యాపథిక ప్రతిక్రమణమంటారు. వస్తూ పోతూ దారిలో తన వల్ల నలిగిన, బెదిరిన, చోటు తప్పిన ప్రాణులన్నిటినీ తలచుకుని క్షమాపణ కోరడం ఇందులోని విషయం. శ్వేతాంబర గృహస్థులు సామాయికమనే ధ్యానానికి ముందు దీన్ని చదువుతారు. కాలినడక కోసం ఏర్పడిన ఈ పాఠం నేడు స్టీరింగు వదిలి ఇంట్లో అడుగు పెట్టినవారి నోట వినిపిస్తోంది. ప్రతిక్రమణంతో పాటు ప్రత్యాఖ్యానం కూడా విధించారు: జరిగినదాన్ని ఒప్పుకోవడం మొదటిది, ఇకముందు ఫలానాది చేయనని నిశ్చయించుకోవడం రెండోది. ప్రత్యాఖ్యానానికి కాలపరిమితి పెట్టుకోవచ్చు, ఒక రోజుకైనా, ఒక నెలకైనా. చతుర్మాసంలో ప్రయాణాలు మానుకునే శ్రావకులు ఉన్నారు. ఆ నాలుగు నెలలు ఊరు దాటనని గానీ, పైకప్పు మీద సామాను ఎత్తనని గానీ, 80 దాటి నడపనని గానీ పెట్టుకునే నియమం ఈ వ్యవస్థలో యథాతథంగా ఇముడుతుంది.